స్పీచ్ థెరపీ ఇంగ్లిష్‌లోనేనా, తెలుగు కూడా ఉండాలా?

అమెరికాలో ఉన్న మన ఇళ్లలో బిడ్డకు మాటలు ఆలస్యమైతే వెంటనే వినిపించే సలహా, ఇంట్లో తెలుగు ఆపేయమని.

ఇంగ్లిష్ ఒక్కటే అయితే సౌకర్యమే, థెరపిస్టు సులువుగా దొరుకుతారు, బడిలో నడిచేదీ అదే. మేమూ ఆ మాట విని మా వాడి మూడో ఏట తెలుగు మానేశాం. ఇంగ్లిష్ సరిగా రాని మా అమ్మ మనవడితో మాట్లాడటమే తగ్గించేసింది, అంటే మాటలు రాని పిల్లాడికి వినిపించే మాటలే తగ్గిపోయాయి!

రెండు భాషలతో అయితే మనకు పని ఎక్కువ, కానీ పిల్లాడికి వచ్చిన మాటల లెక్క సరిగ్గా ఉంటుంది. "పాలు, రా, బాల్, మోర్" అనే పిల్లాడికి ఇంగ్లిష్‌లో రెండే మాటలు, కలిపితే నాలుగు. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు, నిజంగా సమస్య ఉంటే రెండింటిలోనూ కనిపిస్తుంది. ఇంగ్లిష్‌లోని రెండు రకాల "వ"లను (v, w) పిల్లాడు ఒకేలా పలికితే అది మన యాస కావచ్చు, లోపం అనుకోకూడదు. వీలైనంతవరకు పిల్లల సొంత భాషలో పరీక్షించాలని అమెరికా ప్రత్యేక విద్య చట్టమే చెబుతుంది కాబట్టి బడిలో దుబాసీ కావాలని మొహమాటం లేకుండా అడగండి.

నా ఓటు రెండింటికే. థెరపిస్టు సెషన్‌లో "మోర్" నేర్పిస్తే, అదే పద్ధతిలో మా అమ్మ వాడి స్నానం దగ్గర చెంబు పైకెత్తి "పోయనా?" అని ఆగుతుంది, వాడు "పోయ్" అనేదాకా.