‘మూడు రోజుల్లో రిగ్గర్ లైసెన్స్’ అంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, టెక్కలి వైపు నుంచి గల్ఫ్‌కి వెళ్దామనుకునే కుర్రాళ్లూ, భోగాపురం, మూలపేట, పైడిభీమవరం సైట్లలో పని వెతుక్కునేవాళ్లూ జాగ్రత్త. శ్రీకాకుళం జిల్లాలో ఒక సెంటర్ ‘రిగ్గర్ కమ్ సిగ్నల్‌మ్యాన్ లైసెన్స్, మూడు రోజులు, 18,000 రూపాయలు, వీసా గ్యారంటీ’ అని వాట్సాప్‌లో తెగ తిప్పుతోంది. రిగ్గర్ అంటే బరువుల్ని బెల్టులతో, తాళ్లతో కట్టి క్రేన్‌కి తగిలించేవాడు, సిగ్నల్‌మ్యాన్ అంటే క్రేన్ ఆపరేటర్‌కి చేతి సైగలు చేసేవాడు. పేరు రాయడం లేదు. బోర్డు మార్చి పక్క వీధిలో మళ్లీ తెరవడం ఇలాంటివాళ్లకి ఒక పూట పని. పేరు కన్నా పద్ధతిని గుర్తుపట్టడం ముఖ్యం.

మొన్నటి బ్యాచ్‌కి నేర్పింది ఇంతే. మొదటి రోజంతా హాల్లో ఫోన్ వీడియోలు. రెండో రోజు పెరట్లో చైన్ పుల్లీ కట్టి ఒక సిమెంట్ దిమ్మని మోకాలెత్తు లేపి దించారు. మూడో రోజు పొద్దున పరీక్ష, జవాబులు బోర్డు మీదే ఉన్నాయి. మధ్యాహ్నానికి కార్డులు చేతిలో పెట్టారు. మూడు రోజుల్లో క్రేన్ కాదు కదా, హైడ్రా (చిన్న మొబైల్ క్రేన్) కూడా గేటు లోపలికి రాలేదు.

ముందు ఆ ‘లైసెన్స్’ అన్న మాట సంగతి చూద్దాం. డ్రైవింగ్ లైసెన్సులా దేశమంతా చెల్లేలా రిగ్గర్‌కి ప్రభుత్వం ఇచ్చే లైసెన్స్ మన దగ్గర లేదు. ఉన్నవి సర్టిఫికెట్లు. వాటి విలువ ఇచ్చినవాడెవడు, పరీక్ష పెట్టినవాడెవడు అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆస్ట్రేలియాలో లోడు కట్టి క్రేన్‌కి సిగ్నల్ ఇవ్వాలంటే నిజంగానే ‘డాగింగ్’ లైసెన్స్ కావాలి. అయితే అది అక్కడ గుర్తింపు ఉన్న శిక్షణ సంస్థ దగ్గర పరీక్ష పాసైతే అక్కడి ప్రభుత్వం ఇచ్చేది. శ్రీకాకుళంలో కూర్చోబెట్టి ఇప్పిస్తామంటే అది అబద్ధం, రెండో మాట లేదు.

ఆ కార్డుల మీద ఇంకో పెద్ద పొరపాటు ఉంది. కొత్తవాళ్లందరికీ ‘రిగ్గర్ 1’ అని కొట్టిచ్చారు, ఒకటో మెట్టు అనుకొని. సౌదీలో అరామ్‌కో (అక్కడి చమురు కంపెనీ) పనులకి లెక్క తిరగేసి ఉంటుంది. అక్కడ మూడు అంటే మొదలుపెట్టేవాడు, ఒకటి అంటే అందరికన్నా పైవాడు, కష్టమైన లిఫ్టులు చూసుకునేవాడు. ఆ కార్డు పట్టుకుని ట్రేడ్ టెస్టుకి వెళ్తే ‘లిఫ్ట్ ప్లాన్ (బరువు ఎలా లేపాలో లెక్క) వెయ్యి బాబూ’ అని కాగితం చేతికిస్తారు. షాకిల్ (బెల్టుని హుక్కుకి కలిపే యూ ఆకారపు ఇనుప లంకె) పిన్ను బిగించడం రానివాడు అక్కడ ఏం చేస్తాడు?

ఇక లెక్క. అన్నిటికన్నా ప్రమాదం ఇక్కడే. ఆ సెంటర్ గోడ మీద చార్టులో ‘రెండు టన్నుల బెల్టులు రెండు = నాలుగు టన్నులు’ అని రాసి ఉంది. మూడు టన్నుల పైపుని రెండు ఆకుపచ్చ (రెండు టన్నుల) బెల్టులతో హుక్కుకి తగిలించారనుకోండి. బెల్టుకీ పైపుకీ మధ్య కోణం 60 డిగ్రీలుంటే ఒక్కో బెల్టు మీద పడేది దాదాపు 1.73 టన్నులు. కోణం 45కి తగ్గితే 2.12 టన్నులు, అప్పటికే పరిమితి దాటిపోయింది. 30 డిగ్రీలైతే ఒక్కో బెల్టు మీదా పూర్తి మూడు టన్నులు! పైపు అదే, బెల్టులు అవే, మారింది కోణం ఒక్కటే. పైగా పైపుని మామూలుగా ఉరిముడి వేసినట్టు చోకర్ వేసి కడతాం కదా. అలా కడితే బెల్టు బలం 0.8 వంతుకి పడిపోతుంది, అంటే రెండు టన్నులది 1.6 టన్నులే మోస్తుంది. కాబట్టి 60 డిగ్రీల దగ్గర కూడా ఈ బెల్టులు చాలవు, మూడు టన్నుల పసుపు బెల్టులు కావాలి.

సైట్లో కోణమానిని ఎవరూ పట్టుకు తిరగరు. రెండు కట్ల మధ్య దూరం ఎంతో, ప్రతి బెల్టూ హుక్కు నుంచి కట్టు దాకా కనీసం అంత పొడుగుండాలి. అప్పుడు మూడు వైపులూ సమానమై 60 డిగ్రీలు దానంతటదే వస్తుంది. కట్ల మధ్య రెండు మీటర్లుంటే ఒక్కో బెల్టు రెండు మీటర్లకి తగ్గకూడదు. ఈ ఒక్క మాట నేర్పడానికి పది నిమిషాలు చాలు. అదీ నేర్పలేదు.

సామాను సంగతి చెప్పనే అక్కర్లేదు. ట్యాగ్ చిరిగిపోయిన బెల్టులు, అంచున కోత పడి దారాలు లేచినవి. ట్యాగ్ లేని బెల్టు ఎంత మోస్తుందో ఎవరికీ తెలియదు, దాన్ని కోసి పారేయాలి తప్ప వాడకూడదు. రంగు చూసి టన్నులు చెప్పడం అలవాటే గానీ ట్యాగ్ మీద ఉన్న అంకే లెక్క. ఒక షాకిల్‌కి పిన్ను బదులు మామూలు బోల్టు వేసి ఉంది. 12 మిల్లీమీటర్ల వైర్ రోప్ (ఇనుప తాడు) చివర మడిచి కన్ను చేసి క్లిప్పులు తిరగేసి బిగించారు. క్లిప్పు జీను (తాడు కూర్చునే గాడి ఉన్న భాగం) లోడు మోసే పొడుగు తాడు మీద కూర్చోవాలి, యూ-బోల్టు పొట్టి చివర మీద పడాలి. తిరగేస్తే యూ-బోల్టు లోడు మోసే తాడునే నలిపేస్తుంది. ఆ సైజుకి కనీసం మూడు క్లిప్పులు, మధ్య దూరం తాడు మందానికి ఆరు రెట్లు, ఒకసారి లోడు పడ్డాక నట్లు మళ్లీ బిగించాలి. అక్కడున్నవి రెండు క్లిప్పులు. శిక్షణ సెంటర్లో తప్పు నమూనా చూసినవాడు సైట్లోనూ అదే చేస్తాడు.

సిగ్నళ్లు గోడ మీద బొమ్మలు చూసి చేతులు ఊపితే రావు. అమెరికా పద్ధతి సిగ్నళ్లలో పిడికిలి బిగించి బొటనవేలు పైకెత్తితే ‘బూమ్ (క్రేన్ పొడవాటి చెయ్యి) లేపు’ అని. మనవాడు పని బాగా అయిందని సంబరంగా ‘సూపర్’ చూపిస్తే ఆపరేటర్ బూమ్ లేపుతాడు, వేలాడుతున్న లోడు క్రేన్ వైపుకి వచ్చేస్తుంది. ఇలాంటిది నిజమైన ఆపరేటర్ ఎదురుగా ఉంటేనే వంటబడుతుంది. ఆపరేటర్ ఒక్క సిగ్నల్‌మ్యాన్ మాటే వినాలి, ‘ఆపు’ మాత్రం ఎవరు చూపించినా ఆపాలి. వాకీటాకీలో ‘దించు... దించు...’ అంటూ మాట ఆగకుండా రావాలి, మధ్యలో తెగితే ఆపరేటర్ అక్కడే ఆపేయాలి. ఇవేవీ ఆ మూడు రోజుల్లో లేవు.

ఫీజు కట్టే ముందు సెంటర్‌కి వెళ్లి క్రేన్ ఎప్పుడు వస్తుంది, ఒక్కొక్కరికి ఎన్ని లిఫ్టులు చేయిస్తారు అని అడగండి. ‘వస్తుంది, వస్తుంది’ అంటే వెనక్కి వచ్చేయండి. ఒక బెల్టు అడిగి ట్యాగ్ చూడండి. ఫ్యాక్టరీల్లో క్రేన్లూ గొలుసులూ తాళ్లూ కనీసం 12 నెలలకోసారి అర్హత ఉన్న వ్యక్తి పరీక్షించాలని 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం 1948, సెక్షన్ 29 చెప్పేది. సెంటర్ ఫ్యాక్టరీ కాదు, నిజమే. కానీ అద్దె క్రేన్‌కైనా అలా పరీక్షించిన కాగితం ఉంటుంది, చూపించమనండి. నేర్పినవాడే పరీక్ష పెట్టి వాడే సంతకం చేస్తే ఆ సర్టిఫికెట్‌ని పేరున్న కంపెనీ లెక్కచేయదు. పాత కార్డు ఒకటి తీసుకుని క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి. ఈ సెంటర్ కార్డు స్కాన్ చేస్తే వాళ్ల సొంత వెబ్‌సైట్లో ఒక ఫోటో తెరుచుకుంటుంది, అంతే. తనిఖీ సంస్థ ఇచ్చిందంటే ఆ సంస్థ వెబ్‌సైట్లో కార్డు నంబర్ దొరకాలి.

వీసా పేరు చెప్పి ఇంకో యాభై, అరవై వేలు అడిగితే ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబర్ అడిగి ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్లో చూసుకోండి. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టరైన ఏజెంటు తీసుకోగలిగేది గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అదీ రసీదుతో.

ఇప్పటికే కట్టేసినవాళ్లు కార్డు రెండు వైపులా ఫోటో తీసి పెట్టుకోండి. ఫోన్‌పే లావాదేవీ, వాట్సాప్ ప్రకటన స్క్రీన్‌షాట్ దాచండి, ‘గ్యారంటీ’ అన్న మాట అందులోనే ఉంది. రసీదు ఇవ్వకపోతే మెసేజ్ పెట్టి అడగండి, జవాబు రాకపోయినా అడిగినట్టు రుజువు ఉంటుంది. ఇవన్నీ దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. పాస్‌పోర్టు ఆ సెంటర్లో ఇచ్చినవాళ్లు మాత్రం ఇవన్నీ పక్కన పెట్టి ముందు అది వెనక్కి తెచ్చుకోండి. ఫీజు బాకీ ఉందనో, వీసా వస్తుందనో దాన్ని దగ్గర పెట్టుకునే హక్కు వాళ్లకి లేదు. ఇవ్వనంటే నేరుగా పోలీస్ స్టేషన్‌కే వెళ్లండి.