టీపీయూ ట్యూబు దీర్ఘకాల వాడకం: పంక్చరు కన్నా వాల్వు మొదలే అసలు పరీక్ష

సైకిలు టైరులో వేసే టీపీయూ ట్యూబు కొనేముందు ఎవరైనా అడిగేది బరువు గురించి. కొన్న కొన్నాళ్లకు అడిగేది మాత్రం ప్యాచ్ గురించి. విజయనగరం నుంచి నెల్లిమర్ల మీదుగా రామతీర్థం వరకు ఉదయంపూట, సెలవు రోజుల్లో చీపురుపల్లి వైపో, భోగాపురం దాటి చింతపల్లి సముద్రతీరం వైపో తిరిగే నా హైబ్రిడ్ సైకిలుకు ఈ పలుచని ప్లాస్టిక్ ట్యూబులను కొన్నేళ్లుగా వాడుతున్నాను. ముల్లు గుచ్చుకుంటే ఈ ట్యూబు పనికిరాకుండా పోతుందన్న మాట నిజం కాదు. అదే సమయంలో, మామూలు ట్యూబుకు చేసే మరమ్మతే దీనికీ చేస్తే సరిపోతుందన్న మాట అంతకన్నా పెద్ద అబద్ధం. ఇంకొక సంగతి కూడా వాడగా వాడగా తేలింది: నా దగ్గర చివరికి మూలపడిన ట్యూబుల్లో ఎక్కువ భాగం ముళ్ల వల్ల కాదు, వాల్వు మొదట్లో వచ్చిన లీకు వల్లే మూలపడ్డాయి.

టీపీయూ అంటే థర్మోప్లాస్టిక్ పాలీయురేథేన్. మనకు అలవాటైన నల్ల ట్యూబు బ్యూటైల్ రబ్బరుది. దానిని వల్కనైజ్ చేసి, అంటే గంధకంతో వేడిచేసి గట్టిపరచి తయారుచేస్తారు కనుక ఎంత సాగినా తిరిగి తన కొలతకు వస్తుంది. టీపీయూ వేడికి మెత్తబడే ప్లాస్టిక్. కొంతవరకు సాగి, హద్దు దాటాక సాగినంత మేర అలాగే ఉండిపోతుంది. దీని మరమ్మతులోనూ జాగ్రత్తల్లోనూ ఉన్న తేడాలన్నీ ఈ ఒక్క గుణం నుంచే పుట్టాయని చెప్పవచ్చు. బరువు విషయానికి వస్తే, 700×25 కొలత (25 మిల్లీమీటర్ల వెడల్పు) టైరుకు మామూలు బ్యూటైల్ ట్యూబు సుమారు 100 గ్రాములు తూగుతుంది. ఆస్ట్రియాకు చెందిన ట్యూబోలిటో వారి రోడ్డు ట్యూబు 39 గ్రాములు. జర్మనీకి చెందిన ష్వాల్బే సంస్థ రసాయనాల కంపెనీ బీఏఎస్ఎఫ్‌తో కలిసి రూపొందించి 2020లో తెచ్చిన ఏరోథాన్ 41 గ్రాములు. చైనా నుంచి వచ్చే చవక రకాలు కూడా ఇంచుమించు ఇదే తూకంలో దొరుకుతాయి. రెండు చక్రాలకూ కలిపి తగ్గేది సుమారు 120 గ్రాములు, అంటే సీసాలో కొన్ని గుక్కల నీళ్ల బరువు. దీనికోసమే అయితే నేను డబ్బు పెట్టేవాడిని కాను. నాకు నచ్చినవి వేరే రెండు: మడిస్తే అరచేతిలో ఇమిడిపోతుంది, గాలిని బ్యూటైల్‌కు ఏమాత్రం తీసిపోకుండా నిలుపుకుంటుంది. తేలికగా ఉండాలని లేటెక్స్ (రబ్బరు పాలతో చేసిన) ట్యూబు వేసుకున్నవారు రోజూ పంపు పట్టుకోవలసిందే.

మన రోడ్ల మీద పంక్చరు ఎలా అవుతుందో తెలిస్తేనే మరమ్మతు అర్థమవుతుంది. ఊరి బాటల పక్కన పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్లు ఉంటాయి. 16వ నంబరు జాతీయ రహదారి అంచున లారీ టైర్లు చీలినప్పుడు రాలిన వెంట్రుకంత ఇనుప తీగలు ఉంటాయి. ముల్లు చేసే రంధ్రం కంటికి కనిపిస్తుంది. తీగ చేసే రంధ్రం కనిపించదు, పైగా తీగ ముక్క టైరులోనే దాక్కుని కొత్త ట్యూబునూ పొడుస్తుంది. టైరు లోపలివైపు వేలితో తడిమితే వేలు తెగుతుందే కాని తీగ దొరకదు. చిన్న దూది ఉండను చుట్టూ తిప్పితే తీగ ఉన్న చోట దూది పోగులు చిక్కుకుంటాయి. టైరు మీది పేరును ఎప్పుడూ వాల్వుకు ఎదురుగా ఉండేలా ఎక్కిస్తే, ట్యూబులో రంధ్రం దొరికిన చోటును బట్టి టైరులో ఎక్కడ వెతకాలో వెంటనే తెలుస్తుంది. రంధ్రం టైరు వైపు కాక రిమ్ము వైపు ఉంటే తప్పు రోడ్డుది కాదు, స్పోకు రంధ్రాలను కప్పే రిమ్ము టేపు జరిగిందని అర్థం.

మామూలు ట్యూబును పంక్చరు షాపులో చూసే పద్ధతి మనందరికీ తెలుసు: బాగా గాలి కొట్టి ఉబ్బించి, నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలు వచ్చిన చోట గరుకు కాగితంతో రాకి, సొల్యూషన్ పూసి, ప్యాచ్ అంటించి, సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తారు. ఈ వరుసలో మొదటి పనే టీపీయూకు ప్రమాదం. టైరు బయట గాలి కొట్టి ఉబ్బించిన ట్యూబు తిరిగి పాత కొలతకు రాదు. మళ్లీ టైరులో పెట్టినప్పుడు ముడతలు పడుతుంది. గొట్టం గుండ్రంగా నిలబడేంత గాలి చాలు. ఆ కొద్ది ఒత్తిడికి తీగ రంధ్రం నుంచి వచ్చే బుడగ ఆవగింజంత ఉంటుంది కనుక ట్యూబును నీళ్లలో పెట్టి, కొద్దికొద్దిగా వేళ్లతో నొక్కుతూ, తొందరపడకుండా జరపాలి. సబ్బు నీళ్లు పూసి చూసినా ఫలితం ఉంటుంది కాని తరువాత ఆ సబ్బును పూర్తిగా కడగాలి.

సొల్యూషన్ సంగతి మరింత స్పష్టం. అది రబ్బరుతో కలిసిపోయి పట్టుకునేలా తయారైన పదార్థం. టీపీయూలో దానితో కలిసే రబ్బరు లేదు. పైపైన అంటుకున్నట్టు కనిపించినా టైరులో గాలి ఎక్కేసరికి అంచు లేచిపోతుంది. మా వీధి చివర షాపు నడిపే పెద్దాయన దీనిని వేళ్ల మధ్య నలిపి చూసి, "ఇది మన సొల్యూషన్‌కు పట్టేది కాదు బాబూ, నా చేత పాడు చేయించకు" అని తిరిగి ఇచ్చేశారు. పనివాడి మాటకు నాలో గౌరవం పెరిగింది. ఈ ట్యూబుకు టీపీయూ కోసమే తయారైన ప్యాచ్‌లు కావాలి. అవి రెండు రకాలు: జిగురు వేరుగా పూసి అతికేవి, వెనక కాగితం ఊడదీసి నేరుగా అంటించేవి. రెండవ రకం రోడ్డు మీద ఉపయోగం. కాని ఏప్రిల్, మే నెలల్లో ఎండలో నిలిపిన సైకిలులో దాని జిగురు మెత్తబడి, ప్యాచ్ వెంట్రుకవాసి జరగడం గమనించాను. గాలి ఒకేసారి పోకుండా పూటపూటకూ తగ్గుతూ వస్తుంది. ఇంట్లో తీరిక దొరికినప్పుడు జిగురు రకంతో వేసిన ప్యాచ్‌లే నాకు ఎక్కువ కాలం నిలిచాయి.

అతికించే పనిలో సగం శుభ్రపరచడమే. ఇంజెక్షను ఇచ్చేముందు తుడిచే స్పిరిట్ పట్టీలు ఏ మందుల షాపులోనైనా దొరుకుతాయి. అందులో ఉండేది ఐసోప్రొపైల్ ఆల్కహాలు, ఈ ప్లాస్టిక్‌కు హాని చేయదు. గోళ్ల రంగు తుడిచే అసిటోన్ జోలికి మాత్రం వెళ్లరాదు. రంధ్రం చుట్టూ పెన్నుతో సున్నా చుట్టేటప్పుడు అది ప్యాచ్ కన్నా పెద్దదిగా ఉండాలి, సిరా గీత ప్యాచ్ కిందకు రాకూడదు. గరుకు కాగితాన్ని నేను వాడను. ఇంత పలుచని గోడను గట్టిగా రాకితే కొత్త రంధ్రం మనమే చేసినట్టవుతుంది. తుడిచాక పూర్తిగా ఆరనివ్వాలి. సముద్రం దగ్గరగా ఉన్న మన ప్రాంతంలో వానాకాలపు చెమ్మ గాలిలో ఇది అనుకున్నదానికన్నా ఆలస్యమవుతుంది, అందుకే రెండోసారి తుడిచి ఆరబెట్టడం మంచిది. చదునైన బల్ల మీద ట్యూబును పరిచి, మూలలు లేని గుండ్రని ప్యాచ్‌ను పెట్టి, స్పూను వెనుక భాగంతో మధ్య నుంచి అంచులకు గట్టిగా రుద్దాలి. తరువాత ట్యూబును బయట ఉబ్బించి పరీక్షించాలన్న కోరికను అణచుకోవాలి, ఎందుకంటే ట్యూబు సాగి ప్యాచ్ సాగకపోతే అంచు అక్కడే ఊడుతుంది. టైరులో పెట్టి, ముందు సగం గాలి కొట్టి కొంతసేపు వదిలి, ఆపై నిండుగా కొడితే టైరు గోడే ప్యాచ్‌ను అదిమి పట్టుకుంటుంది.

వాల్వు దగ్గర ఈ ఉపాయాలేవీ పనిచేయవు. చాలా రకాల్లో ప్లాస్టిక్ కాడను ట్యూబుకు అతికి ఉంటారు. ఆ అతుకు చుట్టూ చదునైన చోటు లేదు కనుక అక్కడ ప్యాచ్ నిలవదు. గాలి రోజుకు కొంత చొప్పున తగ్గుతూ, ఎక్కడా ముల్లు కనిపించకపోతే ముందుగా వాల్వు మొదలునే నీళ్లలో ముంచి చూడాలి. లీకుకు కారణాలు రెండు కనిపించాయి. మొదటిది పంపు: నేరుగా వాల్వుకు తగిలించే చేతి పంపును ఊపుతూ కొడితే ప్రతి ఊపూ ఆ అతుకును పక్కకు లాగుతుంది. పొట్టి గొట్టం ఉన్న పంపును వాడుతూ, రెండో చేత్తో కాడను పట్టుకోవాలి. జేబులో పట్టే బ్యాటరీ పంపుల మూతి బాగా వేడెక్కుతుంది కనుక వాటిని ప్లాస్టిక్ వాల్వుకు నేరుగా తగిలించక, గొట్టంతోనే వాడాలి. రెండవది రిమ్ము రంధ్రం. మన దగ్గర అమ్మే చాలా హైబ్రిడ్ సైకిళ్ల రిమ్ములకు మోటారు సైకిలు ట్యూబుకు ఉండేలాంటి లావుపాటి ష్రేడర్ వాల్వు కోసం 8.5 మిల్లీమీటర్ల రంధ్రం ఉంటుంది. ఈ ట్యూబులకు ఎక్కువగా ఉండే సన్నని ప్రెస్టా వాల్వుకు కావలసింది 6.5 మిల్లీమీటర్లే. మిగిలిన సందులోకి గాలి ఒత్తిడికి ట్యూబు పొంగి, రిమ్ము అంచుకు ఒరుసుకుని తెగుతుంది. ఆ సందును పూడ్చే చిన్న రబ్బరు లేదా లోహపు బుష్ వేయకుండా టీపీయూ ట్యూబు ఎక్కించడం డబ్బు దండగ.

వేడి గురించి కొందరు అవసరానికి మించి భయపెడతారు. విజయనగరం చుట్టుపక్కల చదును రోడ్ల మీద, రిమ్మునే నొక్కి ఆపే రిమ్ము బ్రేకులతో నాకు ఏ ఇబ్బందీ రాలేదు. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి దిగేటప్పుడు మాత్రం రెండు చక్రాలకూ బ్యూటైలే వేసుకుంటాను, ఎందుకంటే అంత దూరం బ్రేకు పట్టుకుని దిగితే రిమ్ము చేయి కాలేంతగా వేడెక్కుతుంది. ట్యూబోలిటో వారి 23 గ్రాముల ఎస్-ట్యూబో రోడ్డు రకాన్ని డిస్కు బ్రేకులకే పరిమితమని తయారీదారులే చెప్పారు; ఆ మాట దాటవలసిన అవసరం ఎవరికీ లేదు.

ఒకసారి 28 మిల్లీమీటర్ల టైరులో సాగిన ట్యూబును తరువాత 25కు మార్చకూడదు. లోపల మడత పడి, ఆ మడత మీదే చీలుతుంది. టైరుకు అంటుకోకుండా కొద్దిగా టాల్కం పౌడరు రాస్తే తీసేటప్పుడు చిరగదు.

ధర బ్యూటైల్‌కు కొన్ని రెట్లు, పైగా ప్యాచ్‌లు ఊళ్లో దొరకవు, తెప్పించుకోవాలి. అందుకే ప్రస్తుతం ముందు చక్రానికి టీపీయూ, ఎక్కువ బరువు మోస్తూ ఎక్కువ పంక్చర్లు అయ్యే వెనక చక్రానికి బ్యూటైల్ వేసి నడుపుతున్నాను. సీటు కింది సంచిలో మాత్రం ఎప్పుడూ ఒక కొత్త టీపీయూ ట్యూబే ఉంటుంది. పాత బ్యూటైల్ ట్యూబు ఒక్కటి పట్టే చోట ఇది, నాలుగు స్పిరిట్ పట్టీలు, ప్యాచ్‌లు, టైరు ఊడదీసే రెండు లివర్లు కలిసి పడతాయి. కొనగానే దానికి టైరు బయటే కొద్దిగా గాలి పట్టించి ఒక రాత్రి ఉంచి, వాల్వు మొదలు బాగుందని చూసుకున్నాకే సంచిలో పెడతాను.