“రెడీ చేసిన” మోటారు, టైర్లు కొనేముందు ఒక్క నిమిషం ఆగండి

ఇంగ్లండ్‌లో స్లాట్ కార్లు (ట్రాక్ గాడిలో కరెంటుతో పరిగెత్తే బొమ్మ కార్లు) నడిపే మనవాళ్ళకి చేరాలని రాస్తున్నా. “మోటారు బ్రేక్-ఇన్ అయిపోయింది, టైర్లు ట్రూ చేసేశాం, బిగించి వదలడమే” అని ఆన్‌లైన్‌లో సెట్లు అమ్ముతున్నారు. బ్రేక్-ఇన్ అంటే కొత్త మోటారుని కాసేపు తిప్పి సర్దుకోనివ్వడం, ట్రూ చెయ్యడమంటే టైరుని రుద్ది గుండ్రంగా, సమంగా చెయ్యడం. మా అబ్బాయి 1/32 కారుకి (అసలు కారులో 32వ వంతు సైజు) ఒకటి తెప్పించాను. మామూలు మోటారు ధరకి రెట్టింపు పైనే అయింది. నిలువునా మోసపోయాను.

రెండో వారానికే కారు స్ట్రెయిట్‌లో ఊపందుకోవడం మానేసింది. మోటారు డబ్బా ముట్టుకుంటే చుర్రుమంటోంది. డబ్బా పక్క కన్నంలోంచి టార్చి వేసి చూస్తే కమ్యుటేటర్ (మోటారులో తిరుగుతూ కరెంటు అందుకునే భాగం) రాగి నల్లబడి, బ్రష్షులు (దాన్ని ఆనుకుని కరెంటు అందించే ముక్కలు) రాసుకుపోయి గాడి పడి ఉంది. రెండు వారాల ఆటకి అంత అరుగుదల రాదు. ఎవరో వాడేసిన దాన్ని కడిగి, నూనె చుక్క వేసి అంటగట్టారనే నా గట్టి నమ్మకం.

టైర్ల సంగతి ఇంకా ఘోరం. వచ్చినరోజు వేలితో నొక్కితే మెత్తగా అతుక్కున్నాయి, ఎంత గ్రిప్పో అని మురిసిపోయాం. అది నూనెలో నానబెట్టిన మెత్తదనం. రబ్బరు నూనె తాగితే మెత్తబడుతుంది, దాంతోపాటు ఉబ్బుతుంది కూడా. నాలుగు రోజులకి రిమ్ము మీద వదులైపోయి, మలుపులో రిమ్ము ఒకపక్క, టైరు ఒకపక్క తిరిగాయి. జిగురు చుక్క కూడా వెయ్యలేదు మరి! వెనక ఇరుసుని గాజు పలక మీద ఆనించి చూశా, లోపలి అంచు ఒక్కటే తగులుతోంది. ఇదా ట్రూ చెయ్యడమంటే?

అడిగితే “వాడిన సరుకు వాపసు తీసుకోం” అన్నారు. అందుకే, పార్సిల్ విప్పగానే కారుకి బిగించకముందే ఆ కన్నంలోకి చూడండి, గాజు మీద పెట్టి చూడండి, ఫోటోలు తీసుకోండి.

అసలు ఈ పనికి డబ్బు పొయ్యక్కర్లేదు. కొత్త మోటారుని లోడు లేకుండా 3 వోల్టుల మీద కాసేపు నిదానంగా తిరగనిస్తే బ్రష్షులు కమ్యుటేటర్ గుండ్రానికి సర్దుకుంటాయి. నూనె, మోటారు ఇరుసుని పట్టి ఉంచే బుష్షుల దగ్గర ఒక్క చుక్క చాలు, కమ్యుటేటర్ మీద పడనివ్వకండి. టైరుని రిమ్ముకి అంటించి, పూర్తిగా ఆరాక, కింద శాండ్‌పేపర్ పెట్టి తక్కువ వోల్టేజీలో తిప్పండి. గట్టిగా అదిమితే వేడెక్కి రబ్బరు చిరుగుతుంది, ఓపిక పట్టాలి. వెడల్పంతా ఒకే రకంగా మసకబారితే టైరు మొత్తం ఆనుతున్నట్టే. మధ్యలో ఎక్కడైనా మెరుపు మిగిలితే ఇంకా రుద్దాలి.

పోయిన ఆదివారం మావాడే కూర్చుని ఒక జత చేశాడు. కారు మలుపుల్లో ఎగరడం మానేసింది.