క్వార్ట్జైట్ పేరుతో పాలరాయి అంటగట్టారు: వంటగది గట్టు వేయించుకునేవారికి హెచ్చరిక

వంటగది గట్టుకు తెల్లరాయి కొనాలనుకునేవారు బయానా ఇచ్చే ముందు ఇది చదవండి. మాకు క్వార్ట్జైట్ అని చెప్పి, క్వార్ట్జైట్ ధరే వసూలు చేసి, పాలరాయి జాతి రాయిని బిగించి వెళ్లారు. ఇది నా ఒక్కరికే జరిగిన విడ్డూరం కాదు. రాళ్ల వ్యాపారంలో ఈ తికమక ఎప్పటినుంచో ఉన్నదే. కొన్నిచోట్ల తెలియక జరుగుతుంది, కొన్నిచోట్ల బాగా తెలిసే జరుగుతుంది.

ఇసుకరాయి భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ గురై గట్టిపడితే క్వార్ట్జైట్ అవుతుంది. అందులో ఉండేది దాదాపు అంతా క్వార్ట్జ్. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ కాఠిన్య మానంలో దాని స్థానం 7. ఇంట్లో వాడే ఏ పులుపూ దాన్ని ఏమీ చేయలేదు. సున్నపురాయి అదే విధంగా మారితే పాలరాయి అవుతుంది. అందులోని కాల్సైట్ అనే ఖనిజం కాఠిన్యం 3 మాత్రమే. కాల్సైట్‌కు బదులు డోలమైట్ అనే మరో ఖనిజం ఎక్కువగా ఉంటే మూడున్నర నుంచి 4 దాకా ఉంటుంది. పాలిష్ పట్టి నిలబెడితే మాత్రం రెండూ తెల్లగా, బూడిదరంగు చారలతో అక్కాచెల్లెళ్లలా కనిపిస్తాయి. మోసానికి వీలు కల్పించేది ఈ పోలికే.

షోరూంలో మాకు చెప్పిన మాట: "గ్రానైట్ కంటే గట్టిదండీ, నిమ్మరసం పోసినా చెక్కు చెదరదు." అరచేతిలో పట్టేంత నమూనా ముక్క కూడా ఇచ్చారు. దానిమీద నిమ్మచెక్క బోర్లించి రాత్రంతా వదిలేశాను. తెల్లారి తుడిచి చూస్తే నిజంగానే చెక్కు చెదరలేదు. ఆ తరువాతే డబ్బు కట్టాం. కాబట్టి "ముందే పరీక్షించుకోవాల్సింది కదా" అని ఎవరూ శ్రమపడి రాయనక్కర్లేదు.

గట్టు బిగించిన కొద్ది రోజులకే సింకు పక్కన జాడలు మొదలయ్యాయి. ఎదురుగా నిలబడితే ఏమీ కనిపించదు. కిటికీ వెలుతురు ఏటవాలుగా పడే వైపు తల వంచి చూస్తే, గ్లాసు పెట్టిన చోటల్లా నిగారింపు పోయిన వలయం. చుట్టూ ఉన్న రాయి మీద వేలు జారిపోతుంది, వలయం దగ్గరకు రాగానే సన్నని గరుకు తగులుతుంది. రంగు మాత్రం ఎక్కడా మారలేదు.

ఫోను చేస్తే, "మరకలండీ, సీలర్ వేస్తే పోతాయి" అన్నారు. మనిషిని పంపి సీలర్ వేయించారు. పాతవి పోలేదు, కొత్తవి వచ్చాయి. మళ్లీ ఫోను చేస్తే తప్పు మేము వాడే సబ్బుది అన్నారు. సబ్బు మార్చి చూపించాక, "సహజమైన రాయి కదండీ, సహజంగానే ఉంటుంది" అన్నారు. ఈ చివరి మాటకు అర్థమేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

మరక అన్న మాట దగ్గరే వారి వాదన చెల్లదు. నూనెలాంటిది రాతి రంధ్రాల్లోకి ఇంకి రంగు మారిస్తే అది మరక. సీలర్ పని ఆ రంధ్రాలను నింపి, ఇంకకుండా ఆపడం. మా గట్టుకు పట్టింది మరక కాదు, పులుపు తిన్న జాడ. కాల్సైట్ అంటే కాల్షియం కార్బొనేట్. దానికి ఆమ్లం తగిలితే రసాయన చర్య జరిగి పైపొర కరుగుతుంది, మెరుపు పోతుంది. రాతిలోకి ఇంకే సీలర్ ఎంత మంచిదైనా పైనున్న స్ఫటికాలను కప్పి ఉంచదు కాబట్టి దీన్ని ఆపలేదు. గట్టు మీద గుడ్డిమచ్చలు చూపిస్తే సీలర్ డబ్బా తెచ్చేవారికి రాయి గురించి తెలియదు, లేదా మీకు తెలియదని వారి ధీమా.

మా దగ్గర సాక్ష్యం ఎలా మిగిలిందో చెబుతాను, ఎందుకంటే ఇది మీకూ పనికొస్తుంది. సింకు కోసం గట్టులో రంధ్రం కోసినప్పుడు మధ్యలోంచి పెద్ద ముక్క ఊడివస్తుంది. పనివారు దాన్ని మామూలుగా తమతో తీసుకుపోతారు. మొత్తం పలకకు డబ్బు కట్టామన్న కారణంతో నేను అడిగి ఉంచుకున్నాను. తరువాత ఆ ముక్క అంచును పాత గాజుసీసా మీద గట్టిగా గీశాను. సీసా మీద తెల్లటి గీత పడింది. ఇక్కడ చాలామంది పొరబడతారు. తడివేలితో తుడిస్తే ఆ గీత చెరిగిపోయింది. అంటే అది గాజు మీద పడిన గాటు కాదు, రాయే అరిగి రాలిన పొడి. మామూలు గాజు కాఠిన్యం ఐదున్నర ప్రాంతంలో ఉంటుంది. నిజమైన క్వార్ట్జైట్ దాన్ని గీరి పారేయాలి. షోరూం వారు ఇచ్చిన నమూనా ముక్కతో అదే సీసాను గీస్తే కరకరమని కోసుకుపోయి, ఎంత తుడిచినా పోని గాటు పడింది.

అనుమానం పూర్తిగా తీరడానికి సింకు ముక్క అడుగువైపు మేకుతో గీకి, రాలిన పొడి మీద వినెగర్ చుక్కలు వేశాను. దగ్గరగా చూస్తే సన్నని బుడగలు మెల్లగా పైకి లేచాయి. పొడి చేయకుండా రాతి మీదే వేసినప్పుడు కంటికి ఏమీ కనిపించలేదు. ఇది డోలమైట్ లక్షణం: కాల్సైట్‌లా వెంటనే పొంగదు, పొడి చేస్తేనే బయటపడుతుంది. నమూనా ముక్కను గీకబోతే మేకు మొనే అరిగింది. ఒకే పేరు, రెండు రాళ్లు.

ఆ పేరు సంగతి కూడా చూడండి. బిల్లు తీసి చూస్తే అందులో క్వార్ట్జైట్ అన్న మాటే లేదు. మంచునూ మేఘాలనూ కలిపి పెట్టిన వ్యాపార నామం ఒకటి, దాని పక్కన కొలతలు, అంతే. ఇలాంటి పేర్లు ఎవరైనా ఏ రాయికైనా పెట్టుకోవచ్చు. వాటికీ రాతి జాతికీ సంబంధం లేదు. నిలదీసినప్పుడు మేనేజర్ గారు "ఇది సాఫ్ట్ క్వార్ట్జైట్" అన్నారు. అలాంటి రాయి భూగర్భ శాస్త్రంలో లేదు. ఎవరైనా ఆ మాట అంటే, అమ్ముతున్నది పాలరాయి కావచ్చునని అనుమానించండి.

అందువల్ల నమూనా ముక్కను నమ్మకండి, మీకు కోయబోయే పలకనే పరీక్షించండి. పలక అంచు నుంచి విరిచిన చిన్న ముక్క అడగండి. నిజమైన సరుకు అమ్మేవారికి దాన్ని ఇవ్వడానికి అభ్యంతరం ఉండకూడదు. ఆ ముక్క గాజును కోయాలి, పాలిష్ చేసిన వైపు నిమ్మరసం అరగంట ఉంచినా మెరుపు తగ్గకూడదు. నచ్చిన పలక మీద ఉన్న నంబరును ఫొటో తీసి, వెనకవైపు చెరగని సిరాతో సంతకం పెట్టి రండి. బిల్లులో వ్యాపార నామంతో పాటు రాతి జాతి పేరు, పలక నంబరు రాయించండి. వద్దన్నారంటే బయటికి వచ్చేయండి.

ఇంత రాద్ధాంతం ఎందుకు, ఫ్యాక్టరీలో చేసిన క్వార్ట్జ్ వేయించుకుంటే సరిపోదా అంటారేమో. మాకూ చివరకు అదే అంటగట్టబోయారు, "మంట మీది గిన్నె నేరుగా దించుకోవచ్చు" అన్న హామీతో సహా. అది అబద్ధం. ఆ పలకల్లో బరువు ప్రకారం సుమారు 90 శాతం క్వార్ట్జ్ పొడీ రవ్వా ఉన్నా, వాటిని పట్టి ఉంచేది రెసిన్ అనే ప్లాస్టిక్ లాంటి జిగురు. సుమారు 150 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి రెసిన్ పాడవుతుంది. ఆ మచ్చను ఇంట్లో పాలిష్ చేసి పోగొట్టడం కుదరదు. నేరుగా ఎండ పడే చోట రంగు కూడా మారుతుంది. పులుపు, మరకల విషయంలో మాత్రం నిక్షేపంగా ఉంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. ఏది కొన్నా ఒక్క సంగతి గుర్తుంచుకోండి: ఇంట్లో నీళ్లు లేకుండా పొడిగా కోయనివ్వకండి. ఆ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులకు చేరితే సిలికోసిస్ వస్తుంది, అది నయం కాదు. కోత పనివారిలో ఈ జబ్బు పెరగడం వల్లనే ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఫ్యాక్టరీ రాయి తయారీ, సరఫరా, వాడకాలను నిషేధించింది.

నల్ల గ్రానైట్‌లోనూ కిటుకు ఉంది. బూడిదరంగు రాయికి రంగో నూనో పట్టించి కారు నలుపుగా చూపించేవారున్నారు. గోళ్ల రంగు తుడిచే అసిటోన్‌ను తెల్లగుడ్డ మీద వేసి రుద్దండి. గుడ్డ నల్లబడితే అక్కడే వదిలేయండి. పోర్సెలిన్ పలకలు వేడికీ పులుపుకీ జంకవు కానీ, చాలావాటిలో చారలు పైన అచ్చు వేసినవే. అంచు పెచ్చు లేస్తే లోపలి రంగు బయటపడుతుంది. యాక్రిలిక్ గట్లకు గీతలు త్వరగా పడతాయి, సన్నని గరుకు కాగితంతో రుద్దితే పోతాయి కూడా.

బిగింపులోనూ మాకు ఒక తంటా పెట్టారు. సింకు రంధ్రం లోపలి మూలలను గుండ్రంగా తిప్పకుండా నలుపలకగా కోశారు. అలాంటి మూల దగ్గర ఒత్తిడి అంతా ఒకేచోట చేరి, పగులు మొదలయ్యేది అక్కడినుంచే. మాది ఇంకా పగలలేదు. మూల దగ్గర వెంట్రుకవాసి గీత ఒకటి కనిపిస్తోంది, అది రాతిలోని చారో పగులో తెలుసుకోవడానికి రోజూ చూస్తున్నాను.

ఇప్పటి పరిస్థితి: రెండు ముక్కలూ, సీసా ఫొటోలూ పంపి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాక, పాలిష్ తీసేసి గట్టంతా మెరుపులేని నునుపు చేస్తామన్నారు. అందులో తప్పేమీ లేదు. మెరుపే లేనప్పుడు మెరుపు పోయిన జాడలు అంతగా కనిపించవు. పాలరాయిని పాలరాయిగా కొనుక్కున్నవారు చాలామంది చేసేది అదే. కానీ ఆ పనికి మళ్లీ డబ్బు అడుగుతున్నారు. కట్టేది లేదని, ధరలో తేడా వెనక్కి ఇమ్మని రాసి పంపాను.

ఇప్పటికే తెల్లరాయి వేయించుకుని, గుండ్రటి గుడ్డిమచ్చలు చూస్తున్నవారు ఎవరైనా ఉంటే, ముందు సీలర్ కొనకండి. సింకు ముక్క దొరికితే సరే, లేకపోతే స్టవ్ కోసం కోసిన రంధ్రం లోపలి అంచు దగ్గర, కంటికి కనిపించని చోట కాస్త గీకి, ఆ పొడి మీద వినెగర్ వేసి చూడండి. తుప్పు పోగొట్టే ద్రావణాలను మాత్రం పరీక్షకైనా ముట్టుకోకండి. వాటిలో కొన్నింటిలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది. అది చర్మానికి తగిలితే ప్రమాదం, పైగా అసలైన క్వార్ట్జైట్‌నూ తినేస్తుంది. మీ బిల్లులో రాతి జాతి అని ఏం రాశారో, బుడగలు వచ్చాయో లేదో ఇక్కడ రాయండి.