యూనివర్సిటీ గేటు ఎదురు సందులో థీసిస్ ప్రింటింగ్: టెక్స్ట్‌కి ఓకే, కలర్ బొమ్మలుంటే పక్కనే నిలబడండి

పోయిన వారం తిరుపతిలో థీసిస్ ఐదు కాపీలు ప్రింటు తీయించి హార్డ్ బైండింగ్ చేయించినా, షాపు పేరు వద్దులే, ఆ సందులో అన్నీ ఒకటే రకం. మామూలు పేజీ రూపాయిన్నర, కలర్ పది, బైండింగ్ రెండొందల యాభై, రేట్లకి వంక పెట్టేదేం లేదు.

నా టాపిక్ ఐరన్ బేస్డ్ సూపర్ కండక్టర్లు, అంటే బాగా చల్లబెడితే కరెంటుకి అడ్డే లేకుండా పోయే ఇనుము పదార్థాలు, వాటిని ఎస్టీఎంతో, అంటే సన్న ముల్లుతో పైభాగాన్ని తడిమి చూసే మైక్రోస్కోపుతో కొలవడం. టైటిల్ చూసి కౌంటర్లో అబ్బాయి "ఇస్త్రీ పెట్టెల మీదా అక్కా?" అన్నాడు. నవ్వొచ్చింది గానీ భయం కూడా వేసింది, ఎందుకంటే ఈ సబ్జెక్టులో బొమ్మే డేటా. టంగ్‌స్టన్ ముల్లుని క్రిస్టల్‌కి దాదాపు తగిలీ తగలనట్టు పెట్టి, ఒక్కో చుక్క దగ్గర ఆపి, వోల్టేజి మార్చుకుంటా కరెంటు ఎంత మారిందో రాసుకుని, వేల చుక్కలు అట్ల చేసినాక వచ్చే రంగుల మ్యాప్ అది. ఒక్క మ్యాప్‌కి రాత్రీ పగలూ పోతాది, మధ్యలో ఎవరన్నా తలుపు దబేల్మని వేస్తే మళ్ళీ మొదటినుంచి.

మొదటి ప్రింటులో గ్రాఫులు పోయినాయి. నా క్రిస్టల్ ఐరన్ సెలినైడ్, 9 కెల్విన్ అంటే మైనస్ 264 డిగ్రీల కిందికి పోతే గానీ సూపర్ కండక్టర్ కాదు, గ్యాప్, అంటే అప్పుడు ఎలక్ట్రాన్లకి చోటు లేకుండా పోయే ఎనర్జీ మేర, చూస్తే సుమారు 2.5 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్ట్. 4.2 కెల్విన్‌లో కొలిస్తే ఆ వేడికే 1.3 దాకా అలుక్కుపోతాది, అందుకే 0.4లో కొలిచింది కూడా పక్కన పెట్టినా. వీళ్ళ ప్రింటరు ఇంకు ఆదా మోడ్‌లో ఉండాది, రెండు గ్రాఫులూ ఒకే గీత లాగ వచ్చినాయి! గ్యాప్‌కి రాసే డెల్టా గుర్తులన్నీ ఖాళీ డబ్బాలు, అది మాత్రం నా తప్పే, వర్డ్ ఫైలు ఇచ్చినా, పీడీఎఫ్ ఇచ్చుంటే రాదు.

అసలు దెబ్బ నాలుగో చాప్టర్లో. అయస్కాంత క్షేత్రం పెడితే క్రిస్టల్లో కరెంటు సుడులు పడతాయి, ఆ సుడి నడుమ సూపర్ కండక్టివిటీ చచ్చిపోతాది. ఐరన్ సెలినైడ్‌లో ఆ సుడులు గుండ్రంగా ఉండవు, ఒక పక్కకి సాగుంటాయి, 90 కెల్విన్ కిందికి పోయినాక క్రిస్టల్లో ఎలక్ట్రాన్లకి అడ్డం నిలువు ఒకటి కాదు కాబట్టి. 2011లోనే ఈ సాగుడు చూసినారు, నా చాప్టరంతా దానిమీదే. అబ్బాయి పేజీ ఖాళీగా ఉందని బొమ్మని అడ్డంగా లాగి మార్జిన్ దాకా నింపినాడు. అంతే, సుడులన్నీ చక్కగా గుండ్రంగా, అప్పలాల్లాగ!

ఎట్ల పట్టుకున్నానంటే పక్కనే పరమాణువుల బొమ్మ ఉండాది, సెలీనియం పరమాణువులు ఏ పక్క చూసినా 3.8 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లో వంతు) దూరంలో దాదాపు చదరంగా ఉండాల, అవి ఇటుకల్లాగ అయినాయి. స్కేలు పెడితే నాలుక్కి ఐదు సెంటీమీటర్లు. కోప్పడినా, వాడు మాత్రం "చిన్నగుంటే బాగుండదని అక్కా" అని నెమ్మదిగా అన్నాడు.

ఒక మాట ఒప్పుకోవాల, మళ్ళీ డబ్బు అడగలేదు, అన్నం టైముకి కూడా పోకుండా కూర్చుని అన్నీ సరి చేసినాడు, ఆఖర్లో వాడే స్కేలు తెచ్చి "చదరం చదరంగానే ఉండాది, చూసుకో" అన్నాడు. ఒక కాపీకి మాత్రం వీపు మీద బంగారు అక్షరాలు తలకిందులుగా పడినాయి. అది నేనే ఉంచుకున్నా.