హౌస్ ఆఫ్ ది డ్రాగన్: అలిసెంట్ కోపాన్ని ఎందుకు తీసేశారు?

‘హౌస్ ఆఫ్ ది డ్రాగన్’ సిరీస్‌లో డ్రాగన్లు, గ్రాఫిక్స్, సెట్టింగుల గురించి ఇప్పటికే అందరూ రాసేశారు, వాటి జోలికి పోను. 2022లో మొదటి సీజన్, 2024లో రెండోది, రెండూ వచ్చినప్పుడే చూశాను. మధ్యలో ఈ సిరీస్‌కు మూలమైన జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ పుస్తకం ‘ఫైర్ అండ్ బ్లడ్’ చదివాను. ఈమధ్య మా చెల్లి కోసం రెండు సీజన్లూ మళ్ళీ మొదటినుంచి పెట్టాం. అప్పటినుంచీ అలిసెంట్ విషయంలో నా మనసు కుదుటపడలేదు. కథ చెప్పేస్తున్నాను, ఇంకా చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి.

పుస్తకంలో అలిసెంట్ పద్దెనిమిదేళ్లకు రాణి అవుతుంది, అప్పటికి రాజు మొదటి భార్య కూతురు రెయినీరా చిన్నపిల్ల. సవతి తల్లి, సవతి కూతురు, మధ్యలో సింహాసనం. కొడుక్కే పట్టం కట్టాలని పట్టుబట్టే చిన్నరాణిని మన జానపద సినిమాల్లో ఎన్నిసార్లు చూడలేదు! సిరీస్‌లో ఇద్దరినీ ఒకే వయసు స్నేహితురాళ్ళను చేశారు. ఇది చాలా మంచి మార్పు అని అప్పట్లో అందరికీ చెప్పాను. చెట్టు కింద రెయినీరా అలిసెంట్ ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంటుంది, పాఠం చెప్పించుకుంటూ పుస్తకంలోంచి ఒక పేజీ చింపేస్తుంది. సీజన్ చివర, సింహాసనం కోసం యుద్ధం ముంగిట, ఆ చిరిగిన పేజీనే అలిసెంట్ తిరిగి పంపుతుంది. టెన్షన్ వస్తే గోళ్ళ పక్కన చర్మాన్ని రక్తం వచ్చేదాకా పీక్కునే అలవాటు ఆమెకు చిన్నప్పుడే ఉంది. సొంత తండ్రే రాజు గదికి పంపుతుంటే ఆ పిల్ల నోరెత్తదు, వేళ్ళు మాత్రం ఊరుకోవు.

ఏడో ఎపిసోడ్ ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. డ్రిఫ్ట్‌మార్క్ అనే దీవిలో పిల్లల కొట్లాటలో అలిసెంట్ కొడుకు ఏమండ్ కన్ను పోతుంది. బదులుగా రెయినీరా కొడుకు కన్ను కావాలంటుంది అలిసెంట్. రాజు కుదరదంటాడు, ఆమె నమ్మిన అంగరక్షకుడు క్రిస్టన్ కోల్ కూడా కదలడు. ఇక రాజు నడుమున ఉన్న బాకు తనే లాక్కుని మీదికి వెళ్తుంది. ధర్మం, త్యాగం ఎక్కడ పోయాయని అడుగుతుంది. నువ్వేంటో ఇప్పుడు అందరికీ కనబడింది అంటుంది రెయినీరా. రెయినీరా చేతి మీద గాయం, నేల మీద రక్తం. ఒకే గదిలో ఇద్దరు ఆడవాళ్ళ కోపం, ఇద్దరి కోపానికీ న్యాయమైన కారణం. తెరమీద ఇంత నిజాయితీగా నేను ఎక్కువ చూడలేదు.

అంతా అక్కడే ఆగిపోయింది. ఆ తర్వాత రాసినవాళ్ళకు ఆ కోపమంటే భయం పట్టుకున్నట్టుంది. పుస్తకంలో రాజు పోగానే అలిసెంట్ మంత్రుల మధ్య కూర్చుని, రెయినీరా గద్దెక్కితే నా పిల్లలు బతకరని వాదిస్తుంది. సిరీస్‌లో మంత్రులు ఆమెకు తెలియకుండానే పన్నాగం పన్నేసి ఉంటారు. ఆమె దగ్గరున్నదల్లా చావుబతుకుల్లో భర్త గొణిగిన ‘ఏగాన్’ అనే పేరు. అది ఎన్నో తరాల క్రితం రాజు గురించని తెలియక, అదే పేరున్న తన పెద్దకొడుకే అనుకుంటుంది. ఒక ఆడమనిషి కావాలని చేసిన పని పొరపాటుగా మారిపోయింది.

రెండో సీజన్లో ఇది ముదిరింది. పుస్తకంలో రెయినీరా పక్షం పంపిన హంతకులు వచ్చిన రాత్రి అలిసెంట్‌ను కట్టేసి, నోట్లో గుడ్డలు కుక్కి, కళ్ళముందే మనవణ్ణి చంపుతారు. సిరీస్‌లో ఆ వేళ ఆమె క్రిస్టన్ కోల్‌తో పడకమీద ఉంటుంది, కూతురు హెలెయినా పరుగెత్తుకొచ్చి చెబితేగాని తెలియదు. అంతటి శోకం తీసేసి ఆమె చేతిలో సిగ్గు పెట్టారు. ఆ ఘట్టంలోంచి హెలెయినా చిన్నకొడుకు, పసివాడు మేలోర్‌ను తీసేయడం గురించి మార్టినే 2024 సెప్టెంబరులో తన బ్లాగులో అసంతృప్తితో రాశారు, తర్వాత ఆ పోస్టు కనిపించలేదు.

ఇక చివరి ఎపిసోడ్. అలిసెంట్ రహస్యంగా రెయినీరా ఉండే కోట డ్రాగన్‌స్టోన్‌కు వచ్చి, రాజధాని తలుపులు తెరిపిస్తానంటుంది. అయితే ఏగాన్ తల కావాలంటుంది రెయినీరా. అలిసెంట్ ఒప్పుకుంటుంది! ఒక కొడుకు కన్ను పోయిందని బాకు దూసిన తల్లి ఇంకో కొడుకు తలకు సరేనంటోంది. పుస్తకంలో ఈ రహస్య భేటీయే లేదు. అలిసెంట్‌గా ఒలీవియా కుక్, రెయినీరాగా ఎమ్మా డార్సీ ఇద్దరూ ప్రాణం పెట్టి నటించారు, అందుకే ఇంకా బాధ. యుద్ధం మగవాళ్ళది, ఆడవాళ్ళు మాత్రం శాంతి కోరుకున్నారు అని చూపిస్తే ఆడవాళ్ళకు గౌరవం ఇచ్చినట్టని అనుకున్నారేమో. నాకు మాత్రం వాళ్ళ చేతిలోంచి కథ లాగేసుకున్నట్టే అనిపించింది.

దాంతో మొదటి సీజన్ మీద నా మెప్పు కూడా కొంచెం తగ్గింది. ఆ స్నేహమే తర్వాత సాకు అయింది. పాత ప్రేమ ఉంది కాబట్టి ఎప్పుడైనా కరిగిపోవచ్చు అనే వీలు అప్పుడే పెట్టుకున్నారు. పుస్తకం కూడా ఆ కథాలోకపు పండితుడు ఒకడు చెప్పిన చరిత్ర, అందులో ఆడవాళ్ళ మీద చులకన ఉంది, ఒకరి సాక్ష్యం ఇంకొకరితో కలవదు. కాబట్టి మార్చడం తప్పనను. మార్చిన తీరుతోనే నా పేచీ.

మా చెల్లి ఒప్పుకోలేదు. “అక్కా, ఆ మనిషి అలసిపోయింది. ఎంతకాలమని మోస్తుంది? మిగిలిన కూతుర్నైనా కాపాడుకోవాలనుకుంది,” అంది. తను పుస్తకం చదవలేదు, ఇద్దరు పసిపిల్లలతో రోజంతా సతమతమై రాత్రి చూసింది. ఆ సీన్‌కి తనకు కళ్ళనీళ్ళు తిరిగాయి. కాదనలేకపోయాను.

పుస్తకం చదవనివాళ్ళు రెండు సీజన్లూ హాయిగా చూడొచ్చు. చదివి అలిసెంట్‌ను ఇష్టపడ్డవాళ్ళైతే మొదటి సీజన్ ఏడో ఎపిసోడ్ దాకా నిశ్చింతగా చూడండి, తర్వాతది మీ ఓపిక. నేనైతే ఆ ఇద్దరి నటన కోసం ఇంకా చూస్తాను, చెల్లి పక్కనుంటే.