రాళ్లు, ఖనిజాల నమూనా పెట్టె: నెల రోజులు వాడాక

మా అమ్మాయి ఆరో తరగతి. "శిలలు ఖనిజాలతో ఏర్పడతాయి" అని గడగడా అప్పజెప్పేది గానీ, రెండింటికీ తేడా ఏంటమ్మా అంటే నా మొహం చూసేది. అందుకే ఈ పెట్టె తెప్పించాను. పన్నెండు రాళ్లు, పన్నెండు ఖనిజాలు, ఓ భూతద్దం, గీత గీసి చూడటానికి నునుపు లేని తెల్ల పింగాణీ బిళ్ల, ఒక చిన్న పుస్తకం ఉన్నాయి.

అన్నిటికంటే నాకు నచ్చింది ఇందులోని గ్రానైట్ ముక్క. అగ్గిపెట్టెలో సగం కూడా ఉండదు. భూతద్దం కింద పెడితే మూడు రకాల గింజలు విడివిడిగా కనబడతాయి. మసక గాజులా ఉన్నది క్వార్ట్జ్, అంటే పలుగురాయి. లేత గులాబీ రంగులో, చదునైన ముఖాలతో ఉన్నది ఫెల్డ్‌స్పార్. నల్లగా తళుక్కుమంటూ, సూదిమొన తగిలితే పొరగా లేచేది అభ్రకం. ఇవే మూడు ఖనిజాలు అదే పెట్టెలో విడిగా కూడా ఉన్నాయి. మా పాప వాటిని గ్రానైట్ పక్కన పేర్చుకుని ఒక్కో గింజకీ జత వెతికింది. వెతకడం అయ్యాక "ఇవన్నీ కలిసి ఉంటే రాయి, విడిగా ఉంటే ఖనిజమా అమ్మా?" అంది. పుస్తకంతో రాని స్పష్టత ఆ పావుగంటలో వచ్చింది.

ఖనిజానికి తనదంటూ ఒక రసాయన కూర్పు, లోపల పరమాణువులకు ఒక వరుస ఉంటాయి. రాతి ఉప్పు ముక్క మా చేతిలోంచి జారి పగిలింది. చూస్తే ప్రతి పలుకూ బుల్లి పెట్టెలా, అంచులు నిటారుగా ఉంది. లోపలి వరుస అలా బయటపడుతుందన్నమాట. పింగాణీ బిళ్ల కూడా బాగా పనికొచ్చింది. బంగారంలా మెరిసే పైరైట్ ఆకుపచ్చ కలిసిన నల్లటి గీత గీస్తుంది, ముదురు బూడిద రంగు హెమటైట్ ఇటుక రంగు గీత గీస్తుంది. క్వార్ట్జ్‌తో రుద్దితే రంగు రాదు, బిళ్లకే గాటు పడుతుంది. 1812లో ఫ్రెడ్రిక్ మోహ్స్ చేసిన గట్టితనం కొలతలో దానిది 7 మరి. గ్రానైట్‌కి అలా ఒక్క అంకె చెప్పలేం. అందులో 7 ఉన్న గింజ పక్కనే 3 కూడా దాటని అభ్రకం ఉంటుంది.

సున్నపురాయి, పాలరాయి రెండూ ఇచ్చినందుకు తయారు చేసినవాళ్లను మెచ్చుకోవాలి. రెండింటిలోనూ ముఖ్యంగా ఉండేది కాల్సైటే. వేడికీ ఒత్తిడికీ గింజలు పెరిగి, అల్లుకుపోయి పాలరాయి అయింది. ఖనిజం ఒకటే, రాళ్లు రెండు.

ఇక లోపాలు. అబ్సిడియన్‌నీ బొగ్గునీ ఖనిజాల వరసలో పెట్టారు. ఇది చిన్న పొరపాటు కాదు, పెట్టె కొన్న ఉద్దేశాన్నే దెబ్బతీస్తుంది. అబ్సిడియన్ స్ఫటికాలు కట్టే లోపే చల్లారిన లావా, అంటే గాజు. బొగ్గు మొక్కల నుంచి వచ్చింది, దానికి స్థిరమైన కూర్పు లేదు. రెండూ రాళ్ల వరసలో ఉండాల్సినవి. అమ్మినవాళ్లకు రాశాను, జవాబు రాలేదు. మా పాపే కొత్త చీటీలు రాసి వాటి చోటు మార్చింది. పుస్తకమైతే ఖనిజాలను రంగును బట్టి గుర్తుపట్టమంటుంది. ఒక్క క్వార్ట్జే తెల్లగా, ఊదాగా, గులాబీగా దొరుకుతుంది, పిల్లలు తికమక పడరూ? ఆ పేజీలు వదిలేయండి.

ఇంకోటి, నమూనాలన్నీ అట్టకు జిగురుతో అంటించి ఉన్నాయి. తిప్పి చూడకపోతే సగం ప్రయోజనం పోయినట్టే. నేను పలచటి చాకుతో ఊడదీసి, నంబర్లు అంటించాను. ఊడి రావడం లేదని నీళ్లలో మాత్రం నానబెట్టకండి, రాతి ఉప్పు ముక్క కరిగిపోతుంది.